ఉస్తాద్ బిడ్డ తవ్వించిన గుంత

ఉస్తాద్ తన బిడ్డను మొదటిసారి పనికి తీసుకొచ్చిన పొద్దున నేను దుకాణం షట్టర్ ఎత్తి ముందర నీళ్లు చల్లుతున్నాను. దబీర్‌పురా స్టేషన్ వైపు నుంచి వచ్చే సందులో, ఒక బేకరీకీ ఒక అత్తరు కొట్టుకూ నడుమ ఇరుక్కుని ఉండేది మా దుకాణం. మా దుకాణం అంటున్నాను గానీ అది ఉస్తాద్‌ది. నేను ఆయన దగ్గర ఇళ్ల వైరింగ్ పని నేర్చుకుని, నేర్చుకోవడం అయిపోయాక కూడా ఆయనతోనే ఉండిపోయినవాణ్ణి. ఇంటర్ తప్పి, సైదాబాద్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడ్డప్పుడు నాకు మీసాలు సరిగ్గా రాలేదు. ఆమె వచ్చిన ఆ పొద్దుటికి నా చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నాయి.

నల్ల బురఖా, కాళ్లకు పరుగు పందెంవాళ్లు వేసుకునేలాంటి బూట్లు, భుజానికి కొత్త సంచి. పాలిటెక్నిక్‌లో కరెంటు చదువే చదివిందని నాకు తెలుసు. ఏదో ఆఫీసులో కూర్చునే ఉద్యోగం వస్తుందనుకున్నాను.

"ఇయాల్టి సంది ఇది గూడ మనతోటి పనికొస్తది," అన్నాడు ఉస్తాద్.

ఆయన వాళ్లింట్లో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడేవాడు. ఆ రెండూ కలిసిపోయిన రోజులు కూడా ఉండేవి. ఆ రోజు మాత్రం చాలా స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పినట్టు చెప్పాడు. నేను సరే ఉస్తాద్ అన్నాను. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను.

తర్వాత చాయ్ వచ్చింది. ఇన్నేళ్లూ మా ఇద్దరికీ ఎదురు హోటలు నుంచి ఒక్కటే చాయ్ వచ్చేది. ఆయన అందులో సగం సాసర్లోకి వంచి నా వైపు జరిపేవాడు. ఆ పొద్దున ఆయన మూడు చాయ్‌లు చెప్పాడు. నా ముందు నిండు కప్పు పెట్టారు. ఎక్కువే వచ్చింది నాకు, కాని ఆ సాసరు రాలేదు. లోపల చివుక్కుమంది. చాయ్ దగ్గర మొదలైంది అది. ఆ తర్వాత ఏం చూసినా అదే కంటితో చూశాను.

ఉస్తాద్‌కు బస్తీలో పేరు ఎర్తింగ్ వల్ల వచ్చింది. లైటు వెలగడానికీ ఫ్యాను తిరగడానికీ ఎర్తింగ్ అక్కర్లేదు, అది లేకున్నా అవి పనిచేస్తాయి. అందుకే చాలామంది ఇల్లు కట్టేటప్పుడు దాన్ని ఎగ్గొడతారు. కాని ఫ్రిజ్‌లోనో మిషన్‌లోనో వైరు తొడుగు ఊడి లోపలి ఇనుముకు తగిలితే, ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా తిన్నగా భూమిలోకి దిగిపోవడానికి ఒక దారి ఉండాలి. ఆ దారి పేరే ఎర్తింగ్. మనిషి నిలువుకు మించి గుంత తవ్వి, చిల్లులు పెట్టిన ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు కూరి, నీళ్లు పోసి, ఆ గొట్టం నుంచి వైరును మీటరు బోర్డుకు, అక్కడి నుంచి ప్రతి మూడు పిన్నుల సాకెట్‌కూ తీసుకెళ్లాలి. నేల తడిగా ఉంటేనే ఆ దారి తెరుచుకుని ఉంటుంది. ఎర్తింగ్ వద్దన్న ఇంటి పని ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు. బేరం అక్కడే తెగ్గొట్టి లేచి వచ్చేసేవాడు.

ఆ గుంతలు తవ్వించిందీ, ఉప్పూ బొగ్గూ మోసిందీ, గొట్టం నిలువుగా నిలబడిందా లేదా అని వంగి చూసిందీ నేను. బస్తీలో నన్ను ఉస్తాద్ కుడిచెయ్యి అనేవాళ్లు. ఆయనకు కొడుకులు లేరు, ఈ ఒక్కతే బిడ్డ. పెళ్లి చేసి పంపిస్తాడు, దుకాణం నాకే అప్పజెపుతాడు అని నేను ఏనాడో లెక్క వేసుకున్నాను. నా భార్య అయితే దుకాణానికి ఏ రంగు వేయించాలో కూడా అనుకుంది. ఉస్తాద్ ఎన్నడూ ఆ మాట అనలేదు. అనకపోయినా తెలిసిన విషయమే కదా అనుకున్నాం.

నాలుగు రోజుల్లో ఆమె పోలేదు. నెల తిరిగేసరికి నా పక్కన నిలబడి బోర్డులు విప్పుతోంది. ఒకరోజు ఒక ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు బిగించింది. ఎర్తింగ్ వైరును మిగతా రెండింటి కంటే కాస్త పొడుగ్గా వదిలింది, ఎవరైనా ప్లగ్గు గుంజితే అది అన్నింటికంటే ఆఖరున తెగాలని. నాకు అది ఉస్తాదే నేర్పాడు. నేను చేసేటప్పుడు ఆయన చూసి, ఊఁ అని పక్కకు తిరిగేవాడు. ఆమె చేసింది చూసి "షాబాష్" అన్నాడు.

ఆ మాట ఆయన నోట్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డవాణ్ణి అట్లాగే నిలబడిపోయాను. సాయంత్రం ఇంటికి పోయి అన్నం సరిగా తినలేదు. నా భార్య అడిగితే ఎండ దెబ్బ అన్నాను.

అంతకంటే పెద్ద దెబ్బ ఇళ్ల లోపల తగిలింది. ఆ వాడలో చాలా ఇళ్లలో ఆడవాళ్లు పరదా పాటిస్తారు. మేం పనికి పోతే ముందు కబురు లోపలికి పోవాలి, వాళ్లు ఆ గదిలోంచి వేరే గదిలోకి మారాలి, అప్పుడు మమ్మల్ని పిలవాలి. వంటింటి పని అంటే పొయ్యి మీది వంట దించేదాకా గుమ్మం దగ్గర కూర్చునేవాణ్ణి. పని ముగించి బయటికొచ్చేదాకా తల వంచుకునే ఉండేవాణ్ణి. ఆమెకు ఇవేవీ లేవు. గడప దాటగానే బురఖా తీసి మడత పెట్టి సంచిలో పెట్టుకునేది, ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేవాళ్లు. నేను వరండాలో సిమెంటు గచ్చు మీద కూర్చుంటే లోపలి నుంచి నవ్వులు వినబడేవి. కాసేపటికి ఆమె నాకు తెలియని సంగతులు మోసుకుని బయటికొచ్చేది.

ఒక ఇంట్లో ఫ్రిజ్ తలుపు పిడికి పాత చున్నీ గుడ్డ చుట్టి పెట్టుకున్నారట. ఇంకో ఇంట్లో రబ్బరు చెప్పులు లేకుండా మిక్సీ ముట్టుకోరట. వేరొక ఇంట్లో కోడళ్లు పీట మీద నిలబడి గోడ పక్కన పిండి కలుపుతారట, ఆ గోడ వానాకాలంలో ముట్టుకుంటే షాకు కొట్టినట్టు జిల్లుమంటుందట. అవన్నీ మేం ఎన్నోసార్లు పోయిన ఇళ్లే. ఎప్పుడూ మాతో ఎవరూ ఒక్క ముక్క అనలేదు. ఇంటి మగవాళ్లు ఏది చెబితే అది బాగు చేసి వచ్చేవాళ్లం, వాళ్లకు ఆ వంటిళ్ల సంగతి తెలియదు. ఆమె అవన్నీ దుకాణానికి వచ్చి ఉస్తాద్‌కు చెప్పేది. ఉస్తాద్ కళ్లద్దాలు తీసి పెట్టి, చెవి అటు పెట్టి వినేవాడు. నేను స్క్రూలు ఏరుకుంటూ వినేవాణ్ణి. నాకు మూసి ఉన్న తలుపులన్నీ ఆమె వచ్చిన నెలలోనే తెరుచుకున్నాయి. అందులో ఆమె గొప్ప ఏముంది, ఆడపిల్ల కాబట్టి రానిచ్చారు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అట్లా చెప్పుకున్నా మంట తగ్గేది కాదు.

ఆ ఏడు ఉస్తాద్ కంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే వాడలోని ఒక పెద్ద పాత ఇంటి నుంచి కబురొచ్చింది. మూడు తరాలు కలిసి ఉండే ఇల్లు. ఆ ఇంటి పెద్దామెను, అందరూ దాదీ అని పిలిచే ముసలావిడను, బట్టలుతికే మిషను షాకు కొట్టి కింద పడేసింది. ముంజేయి వాచింది, ప్రాణానికి ఏమీ కాలేదు. ఇంట్లో అందరూ భయపడిపోయారు. ఆ ఇంటి ముందు భాగం, మగవాళ్లు కూర్చునే దివాన్‌ఖానా వరకు, కొత్త వైరింగ్ ఎప్పుడో వేరే ఎవరో చేశారు. లోపలి గదుల్లో తాతల నాటి చెక్కపట్టీల వైరింగే ఉంది. రెండు వైర్లే నడుస్తున్నాయి, మూడోది లేనే లేదు. మిషను ప్లగ్గుకు ఎర్తింగ్ కోసం పైనుండే లావు పిన్నును ఎవరో కోసేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చారు.

ఉస్తాద్ మమ్మల్నిద్దరినీ మంచం దగ్గరికి పిలిచాడు. ఇద్దరూ కలిసి చెయ్యండి, ముందు ఎర్తింగ్, తర్వాతే మిగిలిందంతా అన్నాడు. ఎవరు ముందుండాలో చెప్పలేదు. చెబుతాడేమోనని నేను మంచం దగ్గరే కాసేపు నిలబడ్డాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఆ ఇంట్లో మొదటి గొడవ గుంత ఎక్కడ తవ్వాలనే దాని మీద వచ్చింది. నేను మీటరుకు దగ్గరగా ముందు వాకిట్లో అన్నాను, వైరు తక్కువ పడుతుంది. ఆమె వెనక వాకిట్లో, బట్టలు ఉతికే బండ పక్కన అంది. రోజూ నీళ్లు పారే చోటు, నేల ఎండదు, ఎవరూ గుర్తుపెట్టుకుని నీళ్లు పోయాల్సిన అవసరం ఉండదు. అది మంచి మాటే. మంచి మాట కాబట్టే నాకు కోపం వచ్చింది. ఇంటి ఆడవాళ్లు లోపలి నుంచే ఆమె చెప్పింది కానియ్యమన్నారు. అంతే, నన్ను అడిగేవాళ్లు లేరు.

తవ్వేవాళ్లు వెనక వాకిట్లో దిగారు. నడుము లోతు రాకముందే గడ్డపార ఖంగుమంది. బండ. మన ఊరి నేల సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కడ బండ ఉంటుందో ఎక్కడ ఉండదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. పక్కకు జరిగి తవ్వారు, అక్కడా బండే. ఆమె గుంతలోకి దిగి చేత్తో మట్టి తోసి చూసింది. నేను గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను. నాకు చల్లగా అనిపించింది. ఇక నన్ను పిలుస్తుంది, అన్నా ఇప్పుడేం చేద్దాం అంటుంది అని ఎదురుచూశాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆమె నన్ను పిలవలేదు. గుంతలోంచి పైకొచ్చి, చేతులు కడుక్కుని, నాన్నకు ఫోను చేసింది. ఉర్దూలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి నా వైపు చూసింది, ఫోను ఇస్తుందేమోనని నేను ఒక అడుగు ముందుకేశాను కూడా. మాట్లాడి పెట్టేసింది. ఉస్తాద్ నన్ను అడగలేదు. కొత్తగా వచ్చిన కూతురితో అంతసేపు మాట్లాడినవాడు ఇన్నేళ్లు వెంట తిరిగినవాడి గొంతు ఒక్కసారి వినాలనుకోలేదు. ఆ నిమిషంలో నాకు ఆమె మీద కంటే ఆయన మీద ఎక్కువ మండింది.

ఆమె లోపలికి పోయి దాదీ మంచం పక్కన కూర్చుంది. ఈ ఇంట్లో ఎప్పుడైనా బావి ఉండేదా అని అడిగిందట. నల్లా నీళ్లు రాకముందు ఇంత పెద్ద ఇంటికి నీళ్లు ఎక్కడివి అని ఆమెకు తోచింది. దాదీకి వెంటనే గుర్తొచ్చింది. తను కోడలుగా వచ్చిన కొత్తలో బావి ఉండేదట. ఒక పిల్లవాడు అందులో పడబోయి బతికాక మామగారు దాన్ని పూడ్పించారట. ఇప్పుడు కోళ్ల గూడున్న మూలే ఆ బావి. మగవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు, వాళ్లంతా ఆ తర్వాత పుట్టినవాళ్లు.

దాదీ చేతి కట్టుతోనే బయటికొచ్చింది. నేను తల తిప్పుకోబోతే, వయసైపోయిన దానికి ఇంకేం పరదా బేటా అని కోళ్ల గూడు జరిపించింది. కర్రతో నేల మీద గుండ్రంగా గీత గీసి చూపించింది.

అక్కడ గడ్డపార మెత్తగా దిగింది. మనిషి నిలువు దాటి దిగింది, బండ రాలేదు. ఆడవాళ్లు కిటికీ తెర వెనక నుంచి సంతోషంగా ఏదో అనుకుంటున్నారు. నా పక్కన తవ్వేవాళ్లు కూడా ఆమెనే మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం ఆ గుంతలోంచి పైకొస్తున్న మట్టి కనబడింది. అందులో మట్టి తక్కువ, ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు, పగిలిన పెంకులు ఎక్కువ. నీళ్లు పోస్తే నిలవవు, జల్లెడలోంచి జారినట్టు జారిపోతాయి. చూశాను, చెప్పలేదు. ఆమె అడగలేదు కదా అనుకున్నాను.

గొట్టం దించారు, ఉప్పూ బొగ్గూ కూరారు, నీళ్లు పోశారు. ఎర్తింగ్ ఎంత బాగుందో కొలిచే మీటరును ఆమె తెచ్చింది. ఇనుప మేకులు రెండు దూరంగా నేలలో పాతి, వైర్లు తగిలించి చూసింది. ముల్లు పైనే నిలబడింది. అది కిందికి దిగాలి, ఎంత దిగితే భూమి అంత బాగా కరెంటును పుచ్చుకుంటుందన్నమాట. ఇంకో రెండు బిందెలు పోయించి చూసింది. కొంచెం దిగి ఆగిపోయింది.

ఆమె మీటరు పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. మొహం వాడిపోయింది. ఇన్ని నెలల్లో ఆ మొహం అట్లా నేను ఎప్పుడూ చూడలేదు. నా దగ్గరికొచ్చి, "అన్నా, నాకు సమజ్ ఐతలేదు. నువ్వు జర చూడు," అంది.

అంతసేపూ ఎదురుచూసిన మాట అదే. తీరా వచ్చాక దాన్ని పట్టుకుని ఆమెను నిలబెట్టి అడుగుదామనుకున్నవేవీ నోట్లోకి రాలేదు. పూడ్చిన మట్టి నీళ్లు పట్టదని, గొట్టం తీసేసి ఆ రాళ్లూ పెళ్లలూ ఎత్తించి, చెరువు పూడిక మట్టి నింపి మళ్లీ నిలబెట్టాలని చెప్పాను. నల్లగా, జిగటగా ఉండే ఆ మట్టి ఒకసారి నీళ్లు తాగితే వదలదు. మా బామ్మర్ది ట్రాక్టరు నడుపుతాడు, ఊరవతల చెరువుల్లో పూడిక తీసే చోట మట్టి తోలుతుంటాడు. వాడికి ఫోను చేశాను. ట్రాక్టరు ఆ సందులోకి రాదు, సందు మొదట్లో మట్టి కుప్ప పోసి పోయాడు. తట్టలతో లోపలికి మోశాం. ఆమె కూడా మోసింది. మోయొద్దంటే వినలేదు.

మట్టి నింపి, తొక్కి, నీళ్లు పోసి, మర్నాడు మీటరు పెట్టాం. ముల్లు దిగి కిందికి పోయి అక్కడే నిలబడింది. ఆ తర్వాత లోపలి గదులన్నింటికీ ఎర్తింగ్ పచ్చ వైరు లాగడం, సాకెట్లు మార్చడం, కరెంటు ఎక్కడైనా కారితే మెయిన్ ఆపేసే స్విచ్చి పెట్టడం ఆమె పనే అయింది, ఎందుకంటే లోపలికి పోగలిగింది ఆమే. నేను బోర్డు దగ్గర బయట ఉన్నాను.

ఆఖరి రోజు వాళ్లు దావత్ పెట్టారు. నాకు దివాన్‌ఖానాలో, ఇంటి పెద్ద కొడుకు పక్కన, దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి మర్యాదగానే వడ్డించారు. నేను మాంసం తింటానో తిననో అడిగి మరీ వడ్డించారు. లోపల ఆమెను ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. దాదీ తన పక్కనే కూర్చోబెట్టుకుని తన చేత్తో తినిపించిందని తర్వాత తెలిసింది. పోయేటప్పుడు ఆమెకు గాజులు తొడిగారు. ఆ బావిలోకి మట్టి నా బామ్మర్ది తెచ్చిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పెద్ద కొడుకు నాతో చాలా మర్యాదగా, మీ దగ్గర ఈ పిల్ల పని నేర్చుకోవడం మా వాడ అదృష్టం అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు మొహం మీద నిలబెట్టుకోవడం నాకు తట్టలు మోయడం కంటే కష్టమైంది.

వాడంతా పాకింది ఆ సంగతి. ఇంటింటి నుంచీ పిలుపులు మొదలయ్యాయి, అందరూ ఉస్తాద్ బిడ్డ రావాలనే అడిగేవాళ్లు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక ఆదివారం ఆమె తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది, మా అమ్మాయి పుట్టినరోజుకు. నా భార్య ఆమెను వంటింట్లోకి తీసుకుపోయింది. మేం ఉండేది కిరాయి ఇల్లు, వైరింగ్ ఇంటాయన చేయించింది. కాసేపటికి ఆమె వంటింట్లోంచి వచ్చి, అన్నా, గ్రైండరు పట్టుకుంటే వదినకు చెయ్యి జిల్లుమంటోందట, టెస్టర్ ఇవ్వు అంది. టెస్టర్ తీసి ఇచ్చాను. వాళ్లు పోయాక నా భార్యను అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"నీకు చెప్తే నీ పనికి వంక పెట్టినట్టయితదని ఊకున్న," అంది. "ఆ పిల్ల అడిగింది. నువ్వెప్పుడన్న అడిగినవా?"

ఊళ్లో ఇళ్లన్నీ పోతే పోయాయి, నా వంటిల్లు కూడా ఆమెదే అయింది. మర్నాడు పొద్దున్నే ఇంటాయనతో పోట్లాడి గుంత తవ్వడానికి ఒప్పించాను. అక్కడి నుంచి దుకాణానికి పోకుండా తిన్నగా ఉస్తాద్ ఇంటికి పోయాను.

ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. నల్లద్దాలు తీసేశారు, కళ్లు బాగా కనబడుతున్నాయని సంతోషంగా ఉన్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. దుకాణం ఎవరికిస్తావని అడుగుదామని పోయినవాణ్ణి, నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఉస్తాద్, ఇన్నేండ్లు నీ ఎంబడి తిరిగిన. నాకు ఒక్కసారన్న షాబాష్ అనలే నువ్వు."

ఆయన నా వైపు చూశాడు. కళ్లు కొత్తవి కదా, నన్ను మొదటిసారి చూస్తున్నట్టే చూశాడు.

"నువ్వు గుంత పెట్టినవంటే నేను మల్ల పోయి చూడలే బేటా," అన్నాడు. "ఎన్నడన్న పోయిన్నా? దాని పని ఇప్పటికి గూడ అది ఇంటికొచ్చినంక నేను చాటుకు పోయి చూసొస్తున్న. భయమైతది నాకు. ఎవ్వరికన్న ఏమన్న అయితే ఎట్ల అని."

దుకాణం సంగతి ఆయనే ఎత్తాడు. దుకాణం బిడ్డకే ఇస్తానని, ఆడపిల్లకు ఆ బోర్డు లేకుండా బయట ఎవరూ పని ఇవ్వరని, నాకు మాత్రం ఎక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నా పని నడిచొస్తుందని అన్నాడు. కాదనుకుంటే ఇక్కడే ఉండు, నీకు నచ్చినంత కాలం, అని కూడా అన్నాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. తాగి వచ్చేశాను.

దారి పొడుగునా ఆయన మాట నెమరేసుకున్నాను. పెద్ద మాటే, ఎవరికో గాని దొరకదు. కాని నిజం చెప్పాలంటే ఆ నమ్మకాన్ని తిరిగిచ్చేసి ఒక్క షాబాష్ తీసుకునేవాణ్ణి. ఆయన నా వెనకాల కూడా చాటుగా వచ్చి చూసి ఉంటే బాగుండుననిపించింది. నా కోసం ఎవరికీ భయం వేయలేదు.

ఆ నెల ఆఖరుకు వచ్చేశాను. సైదాబాద్‌లో మా ఇంటి దగ్గరే చిన్న గది తీసుకుని బోర్డు పెట్టుకున్నాను. నా భార్య అనుకున్న రంగే వేయించాను. పని బాగానే ఉంది, ఉస్తాద్ అన్నట్టే నడిచొస్తోంది. మలక్‌పేట దాకా ఇళ్లు చేస్తున్నాను. ఇప్పుడు వంటింట్లోకి పోకముందు ఇంటి ఆడవాళ్లను పిలిపించి ఎక్కడ జిల్లుమంటోందో అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. చెప్పనివాళ్ల ఇళ్లలో ఆమె ఉండుంటే చెప్పేవాళ్లే కదా అని మనసు పీకుతుంది.

ఆమె దగ్గర ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. ముగ్గురూ స్కూటీల మీద పోతుంటే వాడలో పిల్లలు చూడ్డానికి బయటికొస్తారట. నా దగ్గరికొచ్చే వాళ్లలో కూడా కొందరు, దబీర్‌పురాలో ఒక అమ్మాయి ఉందట, ఎర్తింగ్ బాగా చేస్తుందట, తెలుసా అని అడుగుతారు. తెలుసు అంటాను. ఎంత బాగా తెలుసో చెప్పను.

మొన్న పొద్దున ఆమె ఫోను చేసింది. చాంద్రాయణగుట్ట వైపు ఏదో కొత్త ఇల్లు, పెద్ద పని. నాకు ఆ పని గురించి ఎవరూ చెప్పను కూడా చెప్పలేదు. మూడు చోట్ల తవ్వినా బండే వస్తోందని, ఏ మట్టి నింపాలో ఎంత లోతు చాలుతుందో ఒకసారి వచ్చి చూడమని అడిగింది. ఇంత పెద్ద పని ఆమెకే ఎట్లా వచ్చిందని ముందు కడుపు రగిలింది. తర్వాత బామ్మర్దికి ఫోను చేసి మట్టి ఉందా అని కనుక్కున్నాను. చేతిలో ఉన్న పని మధ్యాహ్నానికి వాయిదా వేసి స్కూటరు తీశాను. దారంతా కుళ్లుకుంటూనే పోయాను, కాని ఎక్కడా ఆగలేదు.